వ్యవసాయ సరుకుల మార్కెట్ అనుకరణ: ధరల సలహాకు ముందస్తు పరీక్ష

ఒక కొత్త వంగడాన్ని రైతులకు సిఫారసు చేసే ముందు దాన్ని పరిశోధనా స్థానంలోను, వివిధ ప్రాంతాల్లోను, చివరకు రైతుల పొలాల్లో చిరుసంచుల ప్రయోగాల్లోను వరుసగా పరీక్షిస్తారు. ఎరువుల మోతాదైనా, సస్యరక్షణ మందైనా, నీటి యాజమాన్య పద్ధతైనా ఈ దశలు దాటకుండా సిఫారసుల జాబితాలో చేరదు. కాని "వచ్చే సీజనులో ఈ పంటకు మంచి ధర రావచ్చు" అనే సలహాకు మాత్రం అలాంటి పరీక్ష ఏదీ లేదు. అది కొద్ది రోజుల్లోనే వేల మంది రైతులకు చేరుతుంది. అది తప్పయితే నష్టం ఒక ప్రయోగపు మడికి పరిమితం కాదు. కౌలు, కూలి, అప్పులతో సహా ఒక ప్రాంతపు రైతాంగమంతా దాన్ని మోయవలసి వస్తుంది.

పొలంలో పరీక్షించడానికి వీలులేని ఇలాంటి సలహాను కంప్యూటరుపై పరీక్షించడానికి ఉపకరించేవే మార్కెట్ అనుకరణ సాఫ్ట్‌వేర్లు. రైతులు, వ్యాపారులు, గిడ్డంగులు, వినియోగదారులు తీసుకొనే నిర్ణయాలను సమీకరణాలుగానో నియమాలుగానో రాసి, కాలక్రమంలో ధర ఏ విధంగా కదులుతుందో ఇవి చూపుతాయి. వీటిని ధరను ముందే చెప్పే యంత్రాలుగా భావించడం పొరపాటు. ఒక సలహాను ఇంతమంది పాటిస్తే మార్కెట్ ఎటు మొగ్గుతుందో చూపడమే వీటి అసలు ప్రయోజనం. మిరప ఉదాహరణగా ఈ విషయాన్ని పరిశీలించవచ్చు.

మిరప ధరల ఎత్తుపల్లాలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో మిరప నారుమడులను సాధారణంగా జులై, ఆగస్టు నెలల్లో పోస్తారు. నాట్లు అక్టోబరు వరకు సాగుతాయి. ఎండుకాయలు జనవరి నుంచి మార్కెట్‌కు పెద్ద ఎత్తున చేరతాయి. అంటే ఎంత విస్తీర్ణంలో వేయాలో రైతు నిర్ణయించుకొన్న రోజుకూ, పంట అమ్మే రోజుకూ మధ్య ఆరు నుంచి తొమ్మిది నెలల వ్యవధి ఉంటుంది. ఈ వ్యవధే ధరల హెచ్చుతగ్గులకు మూలం.

2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు, అంటే త్రిప్స్ పార్విస్పైనస్, రెండు రాష్ట్రాల్లోని మిరప తోటలను తీవ్రంగా దెబ్బతీసింది. దిగుబడి పడిపోయింది, ధర పెరిగింది. 2023లో గుంటూరు యార్డులో తేజ రకం ధర క్వింటాలుకు 20,000 రూపాయలు దాటింది. ఆ ధరలు చూసిన రైతులు మిరప వైపు మొగ్గారు. 2025 ఆరంభానికి ధర ఎంతగా పడిపోయిందంటే, ఆ ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయల ధర నిర్ణయించవలసి వచ్చింది.

ఈ పతనానికి ఒక్కటే కారణమని చెప్పలేము. ఎగుమతి గిరాకీ, శీతల గిడ్డంగుల్లోని పాత సరుకు, విస్తీర్ణం, నాణ్యత అన్నీ కలిసి ధరను నిర్ణయిస్తాయి. ఇక్కడ రెండు అంశాలను విడదీసి చూడాలి. పురుగు దాడి బయటి నుంచి వచ్చిన ఆఘాతం. దాన్ని ఏ మార్కెట్ నమూనా కూడా ముందుగా చెప్పలేదు. ఆ ఆఘాతం తరవాత ధర పైకి, కిందికి ఊగే తీరు మాత్రం మార్కెట్ లోపలి యంత్రాంగం వల్ల ఏర్పడేది. అనుకరణకు లొంగేది ఈ రెండో అంశమే.

సాలెగూడు నమూనా

ఈ ఊగిసలాటకు తొలి గణిత వివరణ 1930 ప్రాంతంలో వెలువడింది. హెన్రీ షుల్జ్, యాన్ టిన్‌బెర్గెన్, ఉంబెర్టో రిచ్చి అనే ముగ్గురు ఆర్థికవేత్తలు వేర్వేరుగా దీన్ని ప్రతిపాదించారు. డిమాండ్, సప్లయి రేఖల మధ్య ధర కదలికను గీస్తే సాలెగూడులా కనిపిస్తుంది కనుక 1934లో నికొలస్ కాల్డార్ దీనికి ఆ పేరు పెట్టాడు. 1938లో మొర్దెకై ఎజెకియల్ దీన్ని సమగ్రంగా వివరించాడు.

ఒక చిన్న ఉదాహరణతో దీని పనితీరు అర్థమవుతుంది. కింది అంకెలు కేవలం బోధన కోసం ఊహించినవి. ఏ మార్కెట్ గణాంకాలూ కావు. ధరను క్వింటాలుకు వేల రూపాయల్లోను, సరుకును లక్షల టన్నుల్లోను తీసుకొందాం.

కొనుగోలు = 20 − 0.5 × ధర
ఉత్పత్తి = 6.5 + 0.4 × రైతు ఆశించిన ధర

ధర 15,000 రూపాయలు ఉన్నప్పుడు కొనుగోలు, ఉత్పత్తి రెండూ 12.5 లక్షల టన్నులే. ఇది సమతౌల్య ధర. ఒక ఏడాది పురుగు వల్ల పంట తగ్గి ధర 20,000కు చేరిందనుకొందాం. మరుసటి ఏడాదీ అదే ధర వస్తుందని రైతులందరూ భావిస్తే ఉత్పత్తి 14.5 లక్షల టన్నులవుతుంది. అంత సరుకు అమ్ముడుపోవాలంటే ధర 11,000కు దిగాలి. ఆ ధర చూసి రైతులు విస్తీర్ణం తగ్గిస్తారు. ఉత్పత్తి 10.9 లక్షల టన్నులకు పడిపోయి ధర 18,200కు ఎగబాకుతుంది. తరవాతి సంవత్సరం 12,440, ఆపై సుమారు 17,050. ఊగిసలాట క్రమంగా తగ్గుతూ ధర 15,000 వైపు చేరుతుంది.

ఇలా తగ్గడానికి కారణం సప్లయి గుణకాన్ని డిమాండ్ గుణకంతో భాగిస్తే వచ్చే 0.8 ఒకటి కంటే తక్కువగా ఉండటం. రైతులు ధరకు మరింత తీవ్రంగా స్పందిస్తే, అంటే సమతౌల్యాన్ని మార్చకుండా సప్లయి గుణకాన్ని 0.6 చేస్తే, ఆ నిష్పత్తి 1.2 అవుతుంది. అప్పుడు ధర 20,000 నుంచి 9,000కు, అక్కడి నుంచి 22,200కు పోతుంది. ఊగిసలాట ఏటేటా పెరుగుతుంది. పురుగు అదే, మొదటి ఏడాది ధర అదే. మారింది రైతుల స్పందన ఒక్కటే.

రైతు అంచనా ఏర్పడే తీరు

పై లెక్కలో రైతు గత ఏడాది ధరనే వచ్చే ఏడాది ధరగా తీసుకొంటాడని భావించాం. వాస్తవంలో చాలామంది రైతులు రెండు మూడేళ్ల అనుభవాన్ని కలిపి చూస్తారు. తన పాత అంచనాకూ, నిజంగా వచ్చిన ధరకూ మధ్య ఉన్న తేడాలో సగం మేరకే రైతు అంచనాను సవరించుకొంటాడని తీసుకొంటే, 20,000 ధర తరవాత అతడు ఆశించేది 17,500 మాత్రమే. అప్పుడు మరుసటి ఏడాది ధర 13,000, ఆపై 14,800. మూడో ఏడాదికి దాదాపు 15,000. మార్కెట్ చాలా త్వరగా కుదుటపడుతుంది.

నిలకడగల రైతు, తొందరపడే రైతు కంటే మార్కెట్‌ను ఎంతో స్థిరంగా ఉంచుతాడు. ధర బాగా పెరిగిన ఏడాది మరుసటి సీజనుకు ముందు విస్తరణ సిబ్బంది ఒకే ఏడాది ధర కాక ఐదేళ్ల ధరలను పక్కపక్కనే చూపించడం ఎందుకు మేలో ఈ లెక్క చెబుతుంది.

సలహా కూడా మార్కెట్‌లో భాగమే

వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లోని మార్కెట్ ఇంటెలిజెన్స్ కేంద్రాలు విత్తే ముందు, కోతకు ముందు ధరల అంచనాలను వెలువరిస్తున్నాయి. ఇందుకు ఎక్కువగా వాడే అరిమా వంటి కాలశ్రేణి పద్ధతులు గత ధరల నడకను ముందుకు పొడిగిస్తాయి. వాతావరణ సూచనకూ ధర అంచనాకూ ఇక్కడొక మౌలికమైన తేడా ఉంది. వాన వస్తుందని ఎంతమంది నమ్మినా వాన మారదు. ధర తగ్గుతుందని ఎక్కువమంది నమ్మి విస్తీర్ణం తగ్గిస్తే ధర తగ్గదు.

పై నమూనాలోనే దీన్ని పరీక్షించవచ్చు. ధర 20,000 ఉన్న ఏడాది ఒక సంస్థ సరిగ్గా లెక్కవేసి "వచ్చే ఏడాది ధర 11,000" అని ప్రకటించిందనుకొందాం. సలహా పాటించిన రైతులు 11,000 ఆధారంగాను, మిగిలినవారు 20,000 ఆధారంగాను పంట వేస్తారు. సలహా చేరి, దాన్ని పాటించినవారి వాటాను బట్టి ఫలితం పట్టికలో చూపినట్లు మారుతుంది. మూడో వరుసలో ఉన్నది ఆ వాటాను ముందే లెక్కలోకి తీసుకొని ప్రకటించవలసిన ధర. అంటే, ప్రకటించిన తరవాత కూడా నిజమయ్యే అంచనా.

పట్టిక 1: సలహా పాటించే రైతుల వాటా, ధరపై దాని ప్రభావం (క్వింటాలుకు రూపాయల్లో)

| పాటించినవారి వాటా | 11,000 అని ప్రకటిస్తే వచ్చే ధర | ప్రకటించినా నిలిచే అంచనా |
|---|---|---|
| 0 శాతం | 11,000 | 11,000 |
| 25 శాతం | 12,800 | 12,500 |
| 50 శాతం | 14,600 | 13,570 |
| 75 శాతం | 16,400 | 14,375 |
| 100 శాతం | 18,200 | 15,000 |

ఎవరూ వినని అంచనా మాత్రమే అక్షరాలా నిజమైంది. అందరూ విన్నప్పుడు 11,000 అన్న ధర 18,200 అయింది. సగంమంది విన్నప్పుడు కూడా సలహా పాటించి మిరప తగ్గించుకొన్న రైతు 14,600 ధరను దూరం నుంచి చూస్తాడు. పాటించనివాడు ఆ ధరకు అమ్ముకొంటాడు. మరుసటి ఏడాది ఆ రైతు సలహాను నమ్మకపోతే ఆశ్చర్యపడనక్కర లేదు. లెక్కలో దోషం లేకున్నా సంస్థ విశ్వసనీయత దెబ్బతింటుంది.

1961లో జాన్ మూత్ ప్రతిపాదించిన హేతుబద్ధ అంచనాల సిద్ధాంతానికి మూలం ఇదే. అందరూ నమ్మినా నిజమయ్యే అంచనా ఒక్కటే ఉంటుంది. ఈ ఉదాహరణలో అది 15,000. మూత్ తన వాదనను వివరించడానికి ఎంచుకొన్నది కూడా వ్యవసాయ సరుకుల సాలెగూడు సమస్యనే. విస్తరణ విభాగానికి ఇందులో ఉన్న ఆచరణాత్మక పాఠం స్పష్టం: ఎంతమందికి చేరుతుందో తెలియకుండా ధర అంచనాను ఒకే అంకెగా ప్రకటించకూడదు. వాట్సాప్ ద్వారా, రైతు సేవా కేంద్రాల ద్వారా, రైతు వేదికల ద్వారా సలహా చేరే పరిధి విస్తరిస్తున్న కొద్దీ ఈ సమస్య పెరుగుతుందే కాని తగ్గదు.

శీతల గిడ్డంగి పాత్ర

ఎండుమిర్చి నిల్వకు తట్టుకొనే సరుకు. గుంటూరు పరిసరాల్లోని శీతల గిడ్డంగుల్లో లక్షల టిక్కీలు ఒక సీజను నుంచి మరో సీజనుకు చేరతాయి. అందువల్ల సాలెగూడు నమూనాకు నిల్వను కలపకుండా మిరపపై నిర్ధారణలు చేయరాదు.

పై ఉదాహరణలో ధర 11,000కు పడవలసిన ఏడాది, "వచ్చే ఏడాది 18,200 వస్తుంది" అన్న ఆశతో 1.5 లక్షల టన్నులు గిడ్డంగికి చేరాయనుకొందాం. మార్కెట్‌కు వచ్చేది 13 లక్షల టన్నులే కనుక ధర 14,000 వద్ద నిలుస్తుంది. ఆ ధర చూసిన రైతులు విస్తీర్ణాన్ని అంతగా తగ్గించరు. మరుసటి ఏడాది ఉత్పత్తి 12.1 లక్షల టన్నులకు పాత సరుకు 1.5 లక్షల టన్నులు తోడై ధర 12,800 అవుతుంది. నిల్వ చేసినవారికి 18,200 రాకపోగా, 14,000కే అమ్ముకొన్నా ఇంతకంటే మేలుగా ఉండేది. గిడ్డంగి అద్దె, వడ్డీ దీనికి అదనం.

నిల్వ మరో లక్షణాన్ని కూడా తెచ్చిపెడుతుంది. మిగులు ఉన్నప్పుడు సరుకును దాచి ధర పతనాన్ని కొంత ఆపవచ్చు. గిడ్డంగి ఖాళీ అయ్యాక కొరత వస్తే తీయడానికి సరుకు ఉండదు. నిల్వ సున్నా కంటే తగ్గదు. అందుకే నిల్వకు వీలైన సరుకుల ధరలు ఎక్కువకాలం తక్కువ స్థాయిలో ఉండి, అప్పుడప్పుడు ఒక్కసారిగా ఎగబాకుతాయి. గుస్టాఫ్సన్ 1958లో ప్రారంభించిన ఈ నిల్వ సిద్ధాంతాన్ని విలియమ్స్, రైట్ 1991లోను, డీటన్, లరోక్ 1992లోను విస్తరించారు. ఇందులోని సమీకరణాలు చేతితో సాధించడానికి వీలుకానివి. కంప్యూటరు అనివార్యమయ్యేది ఇక్కడే.

ఏ ప్రశ్నకు ఏ సాధనం

సాఫ్ట్‌వేరును దాని పేరు చూసి కాక ప్రశ్నను బట్టి ఎంచుకోవాలి.

స్ప్రెడ్‌షీటు: పై లెక్కలన్నీ ఎక్సెల్‌లో గాని, ఉచితంగా లభించే లిబ్రేఆఫీస్ కాల్క్‌లో గాని ఒక్క పుటలో చేయవచ్చు. విద్యార్థి మొదట ఇక్కడే ప్రారంభించాలి. సమీకరణాలు కంటికి కనిపిస్తాయి, దాపరికం ఉండదు.

ఆర్, పైథాన్: దిగుబడి, ఎగుమతి గిరాకీ వంటివి ఏటా యాదృచ్ఛికంగా మారతాయి. వాటికి వేల రకాల విలువలిచ్చి నమూనాను మళ్లీమళ్లీ నడిపే మాంటే కార్లో పద్ధతికి ఈ భాషలు అనుకూలం. ఫలితం ఒక్క ధరగా కాక సంభావ్యతల శ్రేణిగా వస్తుంది. దిగుబడుల శ్రేణిని డీశాట్, ఏప్సిమ్ వంటి పంట నమూనాల నుంచి కూడా తీసుకోవచ్చు.

వ్యవస్థాగత గతిశీల నమూనాలు: వెన్‌సిమ్, స్టెల్లా ఈ కోవకు చెందినవి. నిల్వలు, ప్రవాహాలు, ఆలస్యాలు ప్రధానమైన చోట ఇవి ఉపయోగపడతాయి. డెన్నిస్ మెడోస్ 1970లో ప్రచురించిన సరుకుల ఉత్పత్తి చక్రాల అధ్యయనం ఈ పద్ధతికి ప్రసిద్ధ ఉదాహరణ.

ఏజెంట్ ఆధారిత నమూనాలు: పై సమీకరణాల్లో రైతులందరూ ఒక్కటే. వాస్తవంలో సొంత భూమి ఉన్నవారు, కౌలుదారులు, కమీషన్ ఏజెంటు వద్ద అప్పు తీసుకొన్నవారు వేర్వేరుగా స్పందిస్తారు. అప్పు ఉన్న రైతు ధర పెరిగే వరకు సరుకు ఆపలేడు. ఇలాంటి తేడాలను ఒక్కో రైతుకూ ఒక్కో నియమంగా రాయడానికి యూరి విలెన్‌స్కీ 1999లో రూపొందించిన నెట్‌లోగో, పైథాన్‌లోని మెసా అనువైనవి. రెండూ ఉచితమే. వేలం నియమాలను పరీక్షించడానికీ ఈ పద్ధతి తగినది. తెలివి ఏమీ లేకుండా, నష్టానికి మాత్రం ఒప్పుకోని కృత్రిమ వ్యాపారులతో కూడా వేలం ఎంతో సమర్థంగా పనిచేయగలదని 1993లో ధనంజయ్ గోడే, శ్యామ్ సుందర్ చూపారు. ధరను వ్యాపారుల తెలివి ఒక్కటే కాదు, యార్డు నియమాలూ నిర్ణయిస్తాయన్నమాట.

పెద్ద నమూనాలు: దేశాల మధ్య వర్తకం, సుంకాలు, దీర్ఘకాలిక ఆహార లభ్యత వంటి ప్రశ్నలకు అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ వారి ఇంపాక్ట్, ఓఈసీడీ, ఎఫ్ఏవోలు ఉమ్మడిగా వాడే ఆగ్‌లింక్-కాసిమో, పర్డ్యూ విశ్వవిద్యాలయం కేంద్రంగా నడిచే జీటాప్ ఉన్నాయి. గుంటూరు యార్డులో వచ్చే మార్చి ధర వీటి పరిధిలోనిది కాదు. ఆ ప్రశ్నను వీటికి వేయడం, తులసి ఆకును లారీ కాటాపై తూచడం వంటిది.

నమూనాను నమ్మే ముందు

సమాచారం విషయంలో మొదటి జాగ్రత్త అవసరం. ఆగ్‌మార్క్‌నెట్ పోర్టల్‌లో మార్కెట్‌ల వారీగా రోజువారీ రాకలు, ధరలు లభిస్తాయి. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ఈ-నామ్‌లో వేలం వివరాలుంటాయి. అయితే మిర్చిలో తేజ, 334, బ్యాడిగి రకాల ధరలు వేరు. తాలుకాయల ధర మరీ వేరు. వానకు తడిసి తాలు ఎక్కువైన ఏడాది సగటు ధర పడితే, దాన్ని అధిక ఉత్పత్తి ఫలితంగా నమూనా పొరబడుతుంది. రకం, గ్రేడు విడదీయని సమాచారంతో గుణకాలను అంచనా వేయరాదు.

రెండోది పరీక్ష. అందుబాటులో ఉన్న సంవత్సరాలన్నిటినీ నమూనా తయారీకే వాడకుండా చివరి మూడు నాలుగేళ్లను పక్కన ఉంచాలి. నమూనా ఆ సంవత్సరాలకిచ్చిన ఫలితాలను "ఈ ఏడాది ధరే వచ్చే ఏడాదీ" అనే అతి సులువైన అంచనాతో పోల్చాలి. దానికంటే మెరుగ్గా లేని నమూనా ఎంత క్లిష్టమైనదైనా సిఫారసుకు పనికిరాదు.

మూడోది సున్నితత్వ విశ్లేషణ. సప్లయి గుణకం 0.4 నుంచి 0.6కు మారినంతలోనే తగ్గే ఊగిసలాట పెరిగేదిగా మారడం పైన కనిపించింది. క్షేత్ర సమాచారం నుంచి ఈ గుణకాన్ని అంత కచ్చితంగా కనుక్కోవడం కష్టం. కనుక ఒక్క విలువతో కాక విలువల శ్రేణితో నమూనాను నడిపి, ఏ విలువ వద్ద నిర్ధారణ తలకిందులవుతుందో నివేదికలో చెప్పాలి.

విస్తరణ విభాగానికి సూచనలు

ధరల సలహా ఇవ్వడం మానుకోవాలని ఈ చర్చ సారాంశం కాదు. సలహా లేకపోతే రైతు గత ఏడాది ధరనే అనుసరిస్తాడు. దాని ఫలితం పట్టికలోని మొదటి వరుసలో ఉంది. అయితే సలహా ఇచ్చే తీరు మారాలి. ధరను ఒకే అంకెగా కాక శ్రేణిగా చెప్పాలి. ఏ విస్తీర్ణం ఆధారంగా ఆ అంచనా వేశారో దానితోపాటే ప్రకటించాలి. నారుమళ్ల దశలో నారు, విత్తన అమ్మకాలను బట్టి విస్తీర్ణాన్ని తిరిగి లెక్కగట్టి, నాట్లు ముగిసేలోపే అంచనాను సవరించాలి. గిడ్డంగుల నిల్వలను కూడా ప్రతి సలహాలో చేర్చాలి. గత సీజను సలహా ఎంతమందికి చేరింది, ఎంతమంది పాటించారు అన్నది ఏటా సర్వే చేయాలి. ఆ ఒక్క అంకె లేకుండా పట్టికలోని మూడో వరుసను లెక్కించడం సాధ్యం కాదు.

పంటను "వేయండి", "వేయకండి" అని చెప్పడం కంటే, ధర శ్రేణిలోని అట్టడుగు అంకె వద్ద కూడా పెట్టుబడి తిరిగివచ్చే విస్తీర్ణమెంతో రైతు తానే లెక్కించుకొనేలా తోడ్పడటం మేలు. స్నాతకోత్తర విద్యార్థులు తమ జిల్లాలోని ఒక పంటను తీసుకొని పదేళ్ల రాకలు, ధరలతో ఇక్కడ చూపిన చిన్న నమూనాను నిర్మించడం మంచి ప్రారంభం. మార్కెట్‌లో మిరప ధర నిలకడగా ఉన్న ఏడాదే ఈ పనికి అనువైన సమయం. ధర 20,000 దాటిన ఏడాది మొదలుపెడితే, లెక్క పూర్తయ్యేలోపు నారు పొలంలోకి వెళ్లిపోతుంది.